మూడు వందల యాభై నలుగురు సాక్షులు



మన యవ్వనస్తుల కూడికలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "పాస్టర్ గారూ, మనల్ని, మన ఊరిని, మన విశ్వాసాన్ని ఎవరైనా ఒక్క మాటతో తీసిపారేస్తే ఏం జవాబు చెప్పాలి? ఊరుకుంటే ఒప్పుకున్నట్టు ఉంటుంది. జవాబిస్తే గొడవ అవుతుంది." ఇది చిన్న ప్రశ్న కాదు. మన నిరీక్షణకు కారణం అడిగేవారికి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో రాశాడు. అక్కడ అపొస్తలుడు రెండు పనులు కలిపి అప్పగించాడు. జవాబు ఉండాలి, ఆ జవాబులో సాత్వికమూ ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట ఎట్లా కుదురుతాయి?

ఇందుకు ఒక మంచి ఉదాహరణ మన నడిగడ్డ చరిత్రలోనే ఉంది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా కర్నూలు వైపు పోయే దారి మనందరికీ తెలిసిందే. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేల మీద పుట్టిన ఒక మనిషి, తన ప్రాంతం మీద పడిన ఒక్క మాటకు జవాబుగా ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు. ఆ పుస్తకం ఎట్లా పుట్టింది, అందులో వాదం ఎట్లా కట్టారు అన్నది ఈ వారం ధ్యానిద్దాం.

నడిగడ్డ బిడ్డ

సురవరం ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న బోరవెల్లి గ్రామంలో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. రెండూ ఆనాటి అలంపురం తాలూకాలోని ఊళ్ళే. హైదరాబాదులోనూ మద్రాసులోనూ చదువుకుని న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. అయితే ఆయన పేరు నిలబడింది వకీలుగా కాదు, పత్రికా సంపాదకుడిగా, చరిత్రకారుడిగా.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. కచేరీల్లోనూ పై చదువుల్లోనూ ఉర్దూ భాషదే రాజ్యం. తెలుగు మాట్లాడేవారు లక్షల్లో ఉన్నా తెలుగు బడులు తక్కువ, తెలుగు అచ్చుకూటాలు మరీ తక్కువ. ఇటు నుంచి ఉర్దూ పెత్తనం అయితే, అటు నుంచి ఇంకో చిన్నచూపు. ఇక్కడి తెలుగులో ఉర్దూ మాటలు కలిశాయని "తౌరక్యాంధ్రం" అని ఎగతాళి చేసేవారు ఉండేవారు.

1921 నవంబరులో హైదరాబాదులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే గారు అధ్యక్షులు. ఇతర భాషల్లో ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి అవమానించారు. ఆ అవమానం పడిన తెలుగువారు కొందరు వెంటనే కూర్చుని ఆంధ్ర జన సంఘం స్థాపించారు. మరుసటి ఏడాది, 1922లో, నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. 1926లో ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలైంది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు.

సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన కాలం అది. గష్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు చెబితే ఆనాటి కార్యకర్తలు ఒళ్ళు మండిపోయేవారు. అటువంటి కాలంలో కలం పట్టినవాడు ప్రతి మాటనూ కొలిచి రాయాలి. బలం లేనివాడికి మాటే బలం. ఆ మాటలో లొసుగు ఉంటే ఆ బలం కూడా పోతుంది.

ఒక్క మాట: పూజ్యం

ఆ రోజుల్లో ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు తెలంగాణలో తెలుగు కవులు "పూజ్యం" అని రాశారు. పాత లెక్కల భాషలో పూజ్యం అంటే సున్న. అంటే ఇక్కడ కవులు లేరు అని.

ప్రియులారా, ఆ మాట ఎంత బరువైనదో ఒకసారి ఆలోచించండి. ఒక ప్రాంతంలో కవులు లేరు అంటే అక్కడ చదువు లేదు, సంస్కారం లేదు, పూర్వులు లేరు, చెప్పుకోదగ్గది ఏదీ లేదు అన్నట్టే. ఇప్పటికే తమ భాషలో మాట్లాడితే గోల చేసే సభలు చూసిన జనం వాళ్ళు. వాళ్ళ పిల్లలు ఆ మాట చదివితే ఏమనుకుంటారు? "మాది ఏమీ లేని నేల కాబోలు" అనుకుంటారు. ఒకసారి మనసులో నాటుకున్న సున్నను తుడవడం ఎంత కష్టమో మన వాడల్లో పెరిగిన ప్రతి బిడ్డకూ తెలుసు.

పైగా ప్రతాపరెడ్డి గారు పుట్టిన నేల ఎటువంటిది? పక్కనే గద్వాల సంస్థానం. పండితులను పోషించి "విద్వద్గద్వాల" అనిపించుకున్న చోటు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల్లోనూ కవులకు ఆదరణ ఉండేది. తిరుపతి వేంకట కవులంతటివారు ఈ సంస్థానాలు వెదుక్కుంటూ వచ్చి అవధానాలు చేశారు. ఆ గాలి పీల్చి పెరిగిన మనిషికి "పూజ్యం" అనే మాట ఎట్లా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

కోపంతో పత్రిక నిండా ఆ పండితుణ్ణి తిట్టి పోయవచ్చు. పత్రిక తన చేతిలోనే ఉంది. కానీ తిట్టు ఎంత ఘాటైనా "కవులు లేరు" అన్న మాట అట్లాగే ఉండిపోతుంది. ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించడం మొదలుపెట్టారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు ఉన్నారు.

తెలుగులో పూజ్యం అనే మాటకు రెండర్థాలు. ఒకటి సున్న, రెండవది పూజించదగినది. ఆ సంచిక వచ్చిన తరువాత మొదటి అర్థం పోయి రెండవ అర్థం మిగిలిందని మన పెద్దలు చమత్కారంగా చెప్పుకుంటారు.

ఒక్క కవి చాలడా?

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకుందాం. "ఒక్కరూ లేరు" అని ఎవరైనా అంటే, తర్కం ప్రకారం ఒక్కరిని చూపిస్తే చాలు. "ఈ చెరువులో చేపలే లేవు" అన్నవాడికి ఒక్క చేప పట్టి చూపిస్తే మాట అబద్ధమైపోతుంది. మరి 354 మంది ఎందుకు? ఇంత శ్రమ ఎందుకు?

తర్కంలో గెలవడం వేరు, మనిషి మనసు మారడం వేరు. ఒక్కరిని చూపిస్తే ఎదుటివాడు ఏమంటాడు? "సరే, ఆయన ఒక్కడు ఉన్నాడు లెండి" అంటాడు. పోతనను చూపిద్దామా? బమ్మెర పోతన మావాడే అని ఓరుగల్లు వాళ్ళంటే, కాదు ఒంటిమిట్టవాడు అని కడప వైపు వాదన ఉండనే ఉంది. ఆ ఒక్క సాక్షి మీదే ఆధారపడితే వాదం అంతా ఆయన ఊరి తగాదాలో చిక్కుకుపోతుంది. పోనీ ఒక పదిమంది పండితులను చూపిస్తే? "వాళ్ళు సంస్థానాల రాజులు పోషించినవాళ్ళు, మిగతా నేలంతా బీడే" అనవచ్చు. పూర్వ కవులనే చూపిస్తే? "అవి పాత గొప్పలు, ఇప్పుడెవరున్నారు?" అనవచ్చు.

ఇట్లా ఎదుటివాడు తప్పుకుపోగల దారులన్నీ ముందే ఆలోచించి, ఒక్కో దారికీ సాక్షులను నిలబెట్టినప్పుడు వాదం గట్టిపడుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోటి మాట మీద సంగతి స్థిరపడాలని ద్వితీయోపదేశకాండము పంతొమ్మిదవ అధ్యాయం చెబుతుంది. ప్రతాపరెడ్డి గారు 354 మంది సాక్షులను పిలిచారు.

ఆ సాక్షులను పిలిచిన తీరు కూడా గమనించండి. వట్టి పేర్ల జాబితా అచ్చు వేసి ఉంటే "పేర్లు ఎవరైనా రాస్తారు" అనేవారు. "మా కవులు గొప్పవాళ్ళు" అని పొగిడి ఉంటే "మీ వాళ్ళను మీరు పొగుడుకుంటున్నారు" అనేవారు. సంచికలో కవుల పరిచయాలతో పాటు వాళ్ళ పద్యాలే ఉన్నాయి. ఈయన కవి అవునా కాదా అన్నది తేల్చే పని పాఠకుడికే వదిలేశారు. పాఠకుడు తనకు తాను చదివి తేల్చుకున్న సంగతిని ఎవరూ అతని మనసులో నుంచి సులభంగా తీసివేయలేరు.

ఇంకొక మాట న్యాయంగా చెప్పుకోవాలి. "పూజ్యం" అన్న పండితుడు శత్రువు అని మనం అనుకోనక్కరలేదు. ఆ రోజుల్లో తెలుగు పుస్తకాలు ఎక్కువగా మద్రాసులోనూ కోస్తా పట్టణాల్లోనూ అచ్చయ్యేవి. ఇక్కడి కవుల రచనలు చాలావరకు అచ్చుకు నోచుకోక ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. అచ్చులో కనబడనిది లేదనుకోవడం మనిషి సహజం. కానీ "నాకు కనబడలేదు" అనే మాటకూ "లేదు" అనే మాటకూ ఎంతో దూరం ఉంది. మొదటిది ఒక మనిషి చూపుకు సంబంధించిన సంగతి. రెండవది లోకం మీద తీర్పు. చాలా తగాదాలు ఈ మొదటి మాటను రెండవ మాటగా పలకడం వల్లే పుడతాయి.

ఇది మన ఒక్క ప్రాంతానికి జరిగిన సంగతీ కాదు. 1835లో మెకాలే దొర మన దేశపు చదువు గురించి రాసిన పత్రంలో, మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అర పుస్తకాలకు భారత, అరబ్బు దేశాల సాహిత్యమంతా కలిపినా సరిరాదన్న అభిప్రాయం ప్రకటించాడు. తనకు సంస్కృతమూ అరబ్బీ రావని అదే పత్రంలో ఒప్పుకున్నాడు కూడా. అనువాదాలు చదివాను, తెలిసినవాళ్ళతో మాట్లాడాను అన్నాడు. చదవలేని పుస్తకాల మీద ఇచ్చిన తీర్పు ఒక దేశం చదువునే మార్చేసింది. కాబట్టి ప్రియులారా, ఎంత పెద్దవాడు చెప్పినా "అయ్యా, మీకు ఎట్లా తెలిసింది?" అని మర్యాదగా అడగడం పాపం కాదు. బెరయ సంఘస్థులు పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు పదిహేడవ అధ్యాయం అందుకు వారిని ఘనులని మెచ్చుకుంది.

నజరేతు గురించి అడిగిన ప్రశ్న

ఈ చరిత్ర తలచుకున్నప్పుడల్లా నాకు యోహాను సువార్త మొదటి అధ్యాయం గుర్తుకు వస్తుంది. ఫిలిప్పు వెళ్ళి నతనయేలుతో నజరేయుడైన యేసును గురించి చెప్పాడు. నతనయేలు వెంటనే నజరేతు నుంచి మంచిది ఏదైనా వస్తుందా అని అడిగాడు. అది కూడా ఒక "పూజ్యం" మాటే.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. యోహాను సువార్త ఇరవై ఒకటవ అధ్యాయం ప్రకారం నతనయేలు కానా ఊరివాడు. కానా కూడా గలిలయలోదే, నజరేతుకు మరీ దూరం కాదు. అంటే ఆ చిన్నచూపు యెరూషలేము పండితుడిది కాదు, పక్క ఊరివాడిది. మన అనుభవమూ ఇదే కదా. దూరపువాళ్ళకు మన ఊరి పేరే తెలియదు. మనల్ని సున్న అనేది తరచుగా దగ్గరివాళ్ళే.

ఫిలిప్పు ఏం చేశాడు? నజరేతు గొప్పలు చెప్పలేదు. "నీ కానా ఏం గొప్ప?" అని తిరిగి అడగలేదు. వచ్చి చూడమన్నాడు. నతనయేలు వచ్చాడు, చూశాడు, ఒప్పుకున్నాడు. యేసు ప్రభువు అతణ్ణి చూసి కపటం లేనివాడని సాక్ష్యమిచ్చాడు. తొందరపడి తీర్పు చెప్పినవాడిలో కూడా కపటం లేని మనసు ఉండవచ్చు. అటువంటి మనసును తిట్టి దూరం చేసుకోవడం కంటే చూపించి గెలుచుకోవడం మేలు. గోలకొండ కవుల సంచిక కూడా ఆనాటి పాఠకులకు ఇచ్చిన ఒక పిలుపు అని నాకనిపిస్తుంది. వచ్చి చదవండి, తరువాత మీరే చెప్పండి అన్నట్టు.

ఫేలిక్సు ఎదుట రెండు వాదాలు

మంచి వాదానికీ చెడ్డ వాదానికీ తేడా పక్కపక్కన పెట్టి చూడాలంటే అపొస్తలుల కార్యములు ఇరవై నాలుగవ అధ్యాయం తీయండి. కైసరయలో అధిపతియైన ఫేలిక్సు ఎదుట పౌలు మీద ఫిర్యాదు నడిచింది. ప్రధాన యాజకుడి పక్షాన తెర్తుల్లు అనే న్యాయవాది మాట్లాడాడు.

తెర్తుల్లు మొదట ఫేలిక్సును బాగా పొగిడాడు. తరువాత పౌలుకు పేర్లు పెట్టాడు. పీడ వంటివాడన్నాడు, లోకమంతటా యూదుల మధ్య కలహాలు రేపేవాడన్నాడు, దేవాలయాన్ని అపవిత్రం చేయబోయాడన్నాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అన్న సంగతులు మాత్రం లేవు. పక్కన ఉన్నవాళ్ళు అవునవును అన్నారు. పొగడ్త, పేర్లు పెట్టడం, గుంపు తలూపడం. ఈ మూడింటితోనే ఈనాటికీ ఎన్నో ప్రసంగాలు, ఎన్నో వాట్సాప్ సందేశాలు నడుస్తున్నాయి.

పౌలు జవాబు చూడండి. ఫేలిక్సు చాలా ఏండ్లుగా ఈ జనానికి న్యాయాధిపతి అన్న నిజం ఒక్కటి చెప్పి నేరుగా సంగతిలోకి వచ్చాడు. తాను యెరూషలేముకు వెళ్ళి పన్నెండు రోజులే అయిందని, కావాలంటే విచారించుకోవచ్చని అన్నాడు. దేవాలయంలో గాని సమాజమందిరాల్లో గాని పట్టణంలో గాని గుంపు కూర్చడం ఎవరూ చూడలేదన్నాడు. వాళ్ళు ఏదీ రుజువు చేయలేరన్నాడు. అయితే అన్నీ కాదనలేదు. వాళ్ళు మతభేదం అని పిలిచే ఈ మార్గం ప్రకారం దేవుణ్ణి సేవిస్తున్నానని ఒప్పుకున్నాడు. చివరగా, అసలు గొడవ మొదలుపెట్టిన ఆసియ నుంచి వచ్చిన యూదులు ఇక్కడ ఉండవలసింది, వాళ్ళెందుకు రాలేదని అడిగాడు.

తేదీ చెప్పాడు. చోటు చెప్పాడు. నిజమైనది ఒప్పుకున్నాడు. రావలసిన సాక్షి రాలేదని చూపించాడు. ఎవరికీ పేర్లు పెట్టలేదు.

మరి పౌలు వెంటనే గెలిచాడా? లేదు. ఫేలిక్సు వాయిదా వేశాడు. రెండేండ్ల తరువాత పదవి దిగిపోతూ పౌలును బంధకాల్లోనే విడిచి వెళ్ళాడు. సత్యంతో కట్టిన వాదం అదే రోజు గెలుస్తుందని లేఖనం మనకు మాట ఇవ్వలేదు. కానీ తెర్తుల్లు పొగడ్త ఆ కచేరీలోనే చచ్చిపోయింది, పౌలు జవాబును ఈ రోజు మనం పాఠంగా చదువుకుంటున్నాం. గోలకొండ కవుల సంచిక వచ్చిన మరునాడే లోకం మారిపోలేదు. చిన్నచూపు చాలాకాలం సాగింది. అయినా ఆ తరువాత "కవులు లేరు" అనాలంటే ఆ పుస్తకాన్ని దాటి వెళ్ళాలి.

వాదం ఇల్లు కట్టినట్టు

మన దేశపు నైయాయికులు పూర్వమే వాదానికి ఐదు మెట్లు చెప్పారు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది అన్నది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ కనబడుతోంది, ఇది హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూడలేదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అట్లాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కనుక కొండ మీద నిప్పు ఉంది, ఇది నిగమనం. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ మరొక వైపు నుంచి చూశాడు. చెప్పేవాడి నడవడి, వినేవాడి మనసు, చెప్పిన మాటలోని యుక్తి, ఈ మూడూ కలిస్తేనే మనిషి ఒప్పుకుంటాడన్నాడు.

పండితుల మాట పక్కన పెట్టి మన పనికి వచ్చేట్టు చెప్పుకుందాం. సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి ఇవ్వడానికి మీరొక అర్జీ రాస్తున్నారనుకోండి. వాడలో బోరు చెడిపోయింది. "మా వాడను ఎవరూ పట్టించుకోవడం లేదు, మాకు ఎప్పుడూ అన్యాయమే" అని రాస్తే అది బాధ. నిజమైన బాధే. కానీ ఆ కాగితం పట్టుకుని అధికారి ఏం చేయగలడు? అందుకని ఇట్లా కట్టండి.

మొదట ఒక్క వాక్యంలో అడిగేది చెప్పండి. ఫలానా వాడలోని ఫలానా బోరు బాగు చేయించాలి.

రెండవది, చూసి తెలుసుకోగల సంగతులు రాయండి. ఏ తేదీ నుంచి చెడింది, ఎన్ని ఇళ్ళు దాని మీద ఆధారపడ్డాయి, ఇప్పుడు నీళ్ళకు ఎంత దూరం పోతున్నారు. లెక్క పెట్టి రాయండి, ఊహించి రాయకండి. ఒక్క అంకె తప్పయినా మిగతా నిజాలకు విలువ పోతుంది.

మూడవది, ఆ సంగతులకూ అడిగేదానికీ ఉన్న సంబంధం చెప్పండి. ఈ పని ఆ శాఖదే ఎందుకు, ఇప్పుడే ఎందుకు.

నాలుగవది, ఎదుటివారు అనబోయే మాటకు ముందే జవాబు పెట్టండి. "పక్క వీధిలో కుళాయి ఉంది కదా" అంటారని తెలిస్తే, ఆ కుళాయి ఎన్ని గంటలు వస్తుందో రాయండి.

ఐదవది, సాక్షుల సంతకాలు. మన సంఘస్థులవే కాకుండా వాడలో అన్ని కులాల, అన్ని మతాల వాళ్ళవీ తీసుకోండి. నీళ్ళు అందరివీ కదా.

ఇందులో తిట్టు లేదు, పొగడ్త లేదు. చదివిన అధికారి కాదనాలంటే ఈ ఐదింటిలో ఒకదాన్ని తప్పని చూపించాలి.

ఫిలేమోనుకు పౌలు రాసిన చిన్న పత్రిక కూడా ఒక అర్జీయే. పారిపోయిన దాసుడైన ఒనేసిము కోసం రాశాడు. ఆజ్ఞాపించే ధైర్యం తనకు ఉన్నా ప్రేమను బట్టి వేడుకుంటున్నానన్నాడు. ఒనేసిము వల్ల నష్టం ఏదైనా ఉంటే అది తన లెక్కలో వేయమన్నాడు. తన చేతితోనే రాసి ఇచ్చాడు. ఎదుటివాడు "మరి నా నష్టం సంగతేమిటి?" అనబోతాడని తెలిసి, ఆ ప్రశ్నకు జవాబుగా తన సొంత డబ్బునే ముందుంచాడు. తాను ఏమీ పోగొట్టుకోకుండా ఇతరులను ఒప్పించాలని చూసేవాడికీ, ఖర్చు తన మీద వేసుకునేవాడికీ వినేవాళ్ళు తేడా కనిపెడతారు. 354 మంది కవులను వెదికి అచ్చు వేయడమూ ఖర్చుతో కూడిన జవాబే. ఒక వ్యాసం రాసి ఊరుకుంటే ఎంతో సులభంగా అయిపోయేది.

మాట్లాడనివ్వని చోట

ప్రతాపరెడ్డి గారి జీవితంలో ఇంకొక ఘట్టం కూడా చెప్పుకోవాలి. గోలకొండ పత్రికలో సంపాదకీయాలు సర్కారు అనుమతి పొంది మాత్రమే అచ్చు వేయాలని ఆంక్ష వచ్చింది. అప్పుడు ఆయన తన మాట రాయడం ఆపి, సంపాదకీయం చోటులో ప్రపంచంలోని మేధావుల సూక్తులు వేశారు. న్యాయం గురించి, స్వేచ్ఛ గురించి ఎప్పుడో ఎక్కడో పెద్దలు అన్న మాటలు. వాటిని తప్పని సర్కారు ఎట్లా అంటుంది? అవి ఎవరిని ఉద్దేశించినవో చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు.

దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త వెళ్ళిన సంగతి రెండవ సమూయేలు పన్నెండవ అధ్యాయంలో ఉంది. రాజును నేరుగా నిందించకుండా, ఒక పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. రాజు తన నోటితోనే తీర్పు చెప్పాడు. ఆ తరువాతే ఆ మనిషి నీవేనని ప్రవక్త వేలు చూపించాడు. అధికారం ఎదుట సత్యం ఒక్కోసారి ఇట్లా పక్క దారిన నడిచి వెళుతుంది. అది పిరికితనం కాదు. నాతాను చివరికి చెప్పవలసిన మాట దాచుకోలేదు.

తరువాతి కాలంలో, 1949లో, ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది. రాజుల యుద్ధాల వరుస కాకుండా మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పనులు చేసి బ్రతికారు అన్నది ఆ పుస్తకం విషయం. అందుకు క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, హంసవింశతి వంటి కావ్యాలను వెదికి, వాటిలో దొరికిన చిన్న చిన్న వివరాలను సాక్ష్యాలుగా పేర్చారు. పద్ధతి అదే. లెక్కలోకి రానివాళ్ళను లెక్కలోకి తేవడం. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆయన 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి పుస్తకం అదే. కవులు లేరని ఒకప్పుడు అనిపించుకున్న ప్రాంతపు బిడ్డకు ఆ ఘనత దక్కింది, చూడడానికి ఆయన లేరు.

మన కోసం

ప్రియులారా, ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఒప్పించే నేర్పు సత్యానికి ఎంత పనికి వస్తుందో అబద్ధానికీ అంతే పనికి వస్తుంది. ఏదెను తోటలో సర్పం మొదట అబద్ధం చెప్పలేదు, ఒక ప్రశ్న అడిగింది. దేవుడు అన్న మాటను కొంచెం వంకర చేసి అడిగింది. హవ్వ ఆ వంకరను సరిచేస్తూనే మాటల్లో పడిపోయింది. కాబట్టి ఎదుటివాడి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఆ ప్రశ్న నిటారుగా ఉందా అని చూడండి.

మీ ఫోనుకు వచ్చే సందేశాన్ని పదిమందికి పంపే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది చూసింది ఎవరు? ఎప్పుడు, ఎక్కడ జరిగింది? ఇందులో ఎవరికైనా పేరు పెట్టి సున్న చేస్తున్నారా? ఇతర మతస్థుల గురించి, ఇతర కులాల గురించి వచ్చే సందేశాల విషయంలో ఇది మరీ ముఖ్యం. మనల్ని ఎవరైనా పూజ్యం అంటే మనకు ఎంత మండుతుందో, మనం ఇంకొకరిని పూజ్యం అన్నప్పుడు వాళ్ళకూ అంతే మండుతుంది.

ఇక మనల్ని తక్కువ చేసేవారికి జవాబు. మన వాడలో మొదట బడికి వెళ్ళిన అమ్మమ్మ ఎవరు? మందిరానికి మొదటి రాయి మోసింది ఎవరు? కరువు ఏట గంజి కాచి పంచింది ఎవరు? ఈ పేర్లు మీ పిల్లలకు తెలుసా? పెద్దలు బ్రతికి ఉండగానే కూర్చోబెట్టి అడగండి. పేరు, ఊరు, చేసిన పని ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయం అంతా పేర్లే. పేర్లు చెప్పి, ఒక్కొక్కరు ఏం చేశారో చెప్పి, తరువాతనే పన్నెండవ అధ్యాయంలో సాక్షుల మేఘం గురించి మాట్లాడాడు. ఆ మేఘం ఒక్కో పేరుతో, ఒక్కో బ్రతుకుతో కూడింది.

వచ్చే నెల యవ్వనస్తుల కూడికకు ప్రతి ఒక్కరూ ఒక పెద్దమనిషి సంగతి రాసి తీసుకురండి. ఒక్క పేజీ చాలు. మీరు పొగడవద్దు. వాళ్ళు చేసింది రాయండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ దృష్టిలో ఎవరూ సున్న కానందుకు నీకు స్తోత్రం. మా నోటికి సత్యం, మా కలానికి ఓర్పు దయచేయి. మమ్మల్ని చిన్నచూపు చూసేవారికి సాత్వికంతో జవాబు చెప్పే కృప ఇవ్వు. మేము ఎవరినైనా చూడకుండానే తీర్పు తీర్చబోతే మమ్మల్ని ఆపి, వెళ్ళి చూడమని మాకు నేర్పు. మా పెద్దల జ్ఞాపకాన్ని మా పిల్లలకు అందించే శ్రద్ధ మాకు దయచేయమని యేసు నామమున వేడుకుంటున్నాము. ఆమేన్.